ఇప్పపరక నుంచి సబ్బుబిళ్ళ దాకా: మన నూనెల చరిత్ర

రామగుండం, గోదావరిఖని పేర్లు వినగానే ఎవరికైనా బొగ్గే గుర్తొస్తుంది. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించడం, 1920లో కంపెనీకి సింగరేణి కాలరీస్ అనే పేరు రావడం, 1960ల తొలినాళ్ళలో గోదావరిఖనిలో గనులు విస్తరించడం మన యువతకు తెలిసిన చరిత్రే. అదే నేల పైన నిలబడ్డ ఇప్ప, కానుగ, వేప చెట్లకూ ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రను మనమే చెప్పుకోవాలి, ఎందుకంటే అది మన అవ్వల చేతుల్లో నడిచింది.

ముందుగా పేరు చూద్దాం. తెలుగులో ఇప్ప, గోండిలో ఇరుప్, తమిళంలో ఇలుప్పై. ఇన్ని ద్రావిడ భాషల్లో ఒకే మూలం నుంచి వచ్చిన పేర్లున్నాయంటే, ఈ చెట్టుతో మన పరిచయం ఎంత పాతదో ఆలోచించండి.

ఇప్ప అనగానే చాలామంది పువ్వు, సారా అని ఆగిపోతారు. పువ్వు రాలేది మార్చి, ఏప్రిల్ నెలల్లో. ఆ తర్వాత, వానల వేళకు కాయ పండుతుంది. ఆ కాయలోని గింజే ఇప్పపరక. గింజను ఎండబెట్టి, పైపొట్టు తీసి, పలుకులను దంచి ఆవిరి పట్టి, బుట్టలో పోసి రెండు బరువైన దుంగల మధ్య నొక్కి నూనె తీయడం మధ్య భారత అడవుల్లో పాత పద్ధతి. ఊరికి దగ్గరలో గానుగ ఉంటే గింజలు అక్కడికి పోయేవి. ఆ నూనె దీపానికీ కూరకూ పనికొచ్చేది. చలికాలంలో పగిలిన కాళ్ళకు, చేతులకు, తలకు అదే రాసుకునేవారు. చలికి అది నెయ్యిలా గడ్డకడుతుంది, ఒంటి వేడికి కరుగుతుంది.

నూనె తీశాక మిగిలే చెక్కనూ మనవాళ్ళు పారేయలేదు. అందులో సపోనిన్లు ఉంటాయి. కుంకుడుకాయకు, సీకాయకు నురగ వచ్చేది కూడా ఈ పదార్థాల వల్లే. ఆ చెక్కను నానబెట్టి తల రుద్దుకోవచ్చు. వాగులో కలిపి చేపలు పట్టడానికీ వాడేవారు. అంటే ఒంటికి రాసుకునే నూనె, దాన్ని కడుక్కునే నురగ, రెండూ ఒకే గింజలో ఉన్నాయి.

కానుగ, వేప నూనెలు చేదు, తినేవి కావు. గజ్జి, తామర లాంటి వాటికి పైపూతగా వాడేవారు. నల్లజీడి రసం అలాంటిది కాదు. చాకలివాళ్ళు బట్టలకు గుర్తు పెట్టడానికి వాడిన ఆ రసం చర్మానికి తగిలితే బొబ్బలు లేస్తాయి. అడవి నుంచి వచ్చినదంతా ఒంటికి మంచిదేనని మన పెద్దలు ఎన్నడూ అనుకోలేదు. ఏది ఎక్కడ వాడాలో తెలియడమే వాళ్ళ విద్య.

మరి ఈ గింజ మన చేయి దాటింది ఎలా? నూనెను కాస్టిక్ సోడా లాంటి గాఢమైన క్షారంతో కలిపితే సబ్బు, గ్లిజరిన్ పుడతాయి. ఇప్పనూనెలో గట్టిపడే కొవ్వులు ఎక్కువ కాబట్టి సబ్బుకు బాగా పనికొస్తుంది. ఇది యూరప్ కర్మాగారాలు ఎప్పుడో పసిగట్టాయి. 1914 యుద్ధానికి ముందే మన దేశపు ఇప్పగింజలు జర్మనీ, బెల్జియం దేశాలకు సబ్బు, కొవ్వొత్తుల తయారీ కోసం ఓడల్లో వెళ్ళేవి. 1929 నాటికి కాజీపేట–బల్లార్షా రైలుమార్గం పూర్తయింది. మన ప్రాంతం నుంచి సరుకు బయటికి పోవడానికి, బయటి సరుకు లోపలికి రావడానికి దారి పడింది. గనులతో పాటు కాలనీలు, కిరాణా కొట్లు, వారపు అంగళ్ళు పెరిగాయి. రంగు కాగితం చుట్టిన సబ్బుబిళ్ళ అంగట్లో కూర్చుంది. గింజ కిలోల లెక్కన చవకగా పోయింది, సబ్బు బిళ్ళల లెక్కన ఖరీదుగా తిరిగొచ్చింది.

దళారుల తూకాల నుంచి మనల్ని కాపాడటానికి 1956లో గిరిజన సహకార సంస్థ, అంటే జీసీసీ వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో అటవీ ఉత్పత్తుల వ్యాపారాన్ని 1979 నాటి రెగ్యులేషన్ దానికే అప్పగించింది. తూకం కొంత మారింది. అయినా చాలా ఊళ్ళలో మనం గింజ ఏరేవాళ్ళుగానే మిగిలాం. మనం పోగొట్టుకున్నది చెట్టును మాత్రమే కాదు. గింజకూ సబ్బుకూ మధ్య ఉన్న గానుగను పోగొట్టుకున్నాం.

ఆ గానుగను తిరిగి తెచ్చుకున్న ఊరు మనకు దూరంలో లేదు. జైనూరు మండలంలోని పవర్‌గూడలో గోండు మహిళా సంఘాలు కానుగ మొక్కలు నాటాయి, నూనె మిల్లు నడిపాయి. పదేళ్ళలో డీజిల్‌కు బదులు కానుగ నూనె వాడితే తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు లెక్కకట్టి, 2003లో ప్రపంచ బ్యాంకు వాళ్ళకు 645 డాలర్లు చెల్లించింది. సొమ్ము చిన్నదే. కానీ అక్కడ గింజ, మిల్లు, బేరం మూడూ అప్పుడు ఆడవాళ్ళ చేతిలో ఉండేవి.

ఇక ఇప్పటి మాట. ఓపెన్‌కాస్ట్ గని వస్తే చెట్టూ పోతుంది, దాన్ని ఎరిగిన ఊరూ పోతుంది. మట్టిదిబ్బల మీద మొక్కలు నాటుతున్నారు, మంచిదే. కానీ ఇప్ప కాపుకు రావడానికి దాదాపు పదేళ్ళు పడుతుంది. తొందరగా పచ్చదనం కావాలనుకునేవాళ్ళు దాన్ని ఎంచుకోరు. అడిగి నాటించుకోవలసింది మనమే. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద మనకు యాజమాన్య హక్కు ఇచ్చింది. ఆ హక్కు ఏరి అమ్ముకోవడంతోనే ఆగిపోనక్కర్లేదు.

పెద్ద ఫ్యాక్టరీలు సబ్బులోంచి గ్లిజరిన్‌ను వేరుచేసి అమ్ముకోవడం మామూలే. ఊళ్ళో చేసే సబ్బులో అది మిగిలిపోతుంది, చర్మానికి మెత్తదనం ఇచ్చేది అదే. అయితే కాస్టిక్ సోడా చేతులను, కళ్ళను కాలుస్తుంది. శిక్షణ లేకుండా ముట్టుకోవద్దు. రోగాలు తగ్గిస్తుందని అబద్ధపు ప్రచారమూ వద్దు. మంచి సబ్బుగా నిలబడితే చాలు.

ఈ ఏడాది ఇప్పకాయ పండే వేళకు మన సంఘం యువతీ యువకులు ఒక పని చేద్దాం. ఊరికో పెద్దమ్మ దగ్గర కూర్చుని నూనె తీసే తీరు, వాడే తీరు, ఆ పనిముట్ల పేర్లు గోండిలో, కోయలో, కొలామీలో ఏముంటే అవి రాసుకుందాం. ఆ పేర్లు తెలిసినవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు. బొగ్గును ఎప్పుడు తవ్వినా దొరుకుతుందేమో, ఈ విద్య మాత్రం ఆ పెద్దమ్మతో పోతే మళ్ళీ దొరకదు.