పూవుల రహస్యము

పూవులో తేనె యేల యున్నది? ఈ ప్రశ్నకు పదునెనిమిదవ శతాబ్దిలో పండితులకు సరియైన సమాధానము దొరకలేదు. అది లేతగింజకు ఆహారమని కొందరు తలచిరి. తేనెటీగ దానిని దొంగిలించి పూవునకు కీడు చేయుచున్నదని మరికొందరు భావించిరి. కీటకములు పుప్పొడిని మోయునని 1761లో కోల్‌రాయిటర్ వ్రాసినను, దాని ప్రాధాన్యము పలువురికి తోచలేదు.

బెర్లిన్ చేరువనున్న స్పాండౌ పట్టణమున క్రిస్టియాన్ కాన్రాడ్ ష్ప్రెంగెల్ అను ప్రధానోపాధ్యాయుడు ఉండెను. 1787 వేసవిలో ఆయన ఒక అడవి జెరేనియం పూవును పరీక్షించుచు, రేకుల మొదట సన్నని నూగును గమనించెను. వాననీరు తేనెలో కలియకుండ అది అడ్డుచున్నదని గ్రహించెను. మరి యింత కావలి యెవరికొరకు? వచ్చు కీటకము కొరకే. రేకులపై చారలు దానికి దారి చూపు గుర్తులు. పుప్పొడిని వేరొక పూవునకు చేర్చుట దాని పని. తేనె అందులకు కూలి.

ఈ విషయములను 461 జాతుల మొక్కల పరిశీలనతో, 25 చిత్రఫలకములతో ఆయన 1793లో గ్రంథముగ ప్రకటించెను. లోకము దానిని ఆదరింపలేదు. మరుసటి యేట ఉద్యోగమును పోయినది. బెర్లిన్ చేరి, పాఠములు చెప్పుకొని బ్రతికెను. అయినను తన నమ్మకమును విడువక, తేనెటీగలను పెంచినచో పంటలు వృద్ధి పొందునని 1811లో మరియొక చిన్న పుస్తకము వ్రాసెను. 1816లో కన్నుమూసెను.

1841లో రాబర్ట్ బ్రౌన్ సూచనపై చార్లెస్ డార్విన్ ఆ పాత గ్రంథమును చదివి మెచ్చుకొనెను. పరపరాగమువలన పుట్టిన మొక్కలు స్వపరాగమువలన పుట్టిన వానికంటె సాధారణముగ బలిష్ఠములని, పదునొకం డేండ్ల ప్రయోగములతో 1876లో నిరూపించెను. ష్ప్రెంగెల్ కనుగొన్న దానికి అట్లు కారణము దొరికినది.

కథ అంతటితో ముగియలేదు. తేనెటీగకు దగ్గరి బంధువైన బంబుల్ బీ, పుప్పొడి కరవైనపుడు, పూయని మొక్కల ఆకులకు చిల్లులు చేయునని జూరిచ్ శాస్త్రజ్ఞులు 2020లో వెల్లడించిరి. అట్లు కొరుకబడిన నల్లావ మొక్కలు సుమారు రెండు వారములు, టమాటా మొక్కలు నెల దినముల వరకు ముందుగ పూచినవి. మనుష్యులు అట్టి గాట్లే చేసినపుడు మొక్కలు అంత త్వరగా పూయలేదు.

నేడు ప్రొద్దుతిరుగుడు చేనిలో తేనెటీగల పెట్టెలు నిలుపు రైతు, ఆ పేద ఉపాధ్యాయుని పేరు విని యుండకపోవచ్చును. ఆయన సలహాను మాత్రము పాటించుచునే యున్నాడు.