మిరప కల్లంలో కురుక్షేత్రం

క్రొత్త చిత్రం విడుదలైన మరునాడు మిత్రులు దాని బాగోగులు తర్కించుకోవడం చూచినప్పుడల్లా నాకు మా ఊరి మిరప కల్లం జ్ఞాపకానికి వస్తుంది. సినిమా విమర్శ పత్రికలతోనే పుట్టిందని చాలామంది అభిప్రాయం. 1966లో 'విజయచిత్ర' వెలువడిన మాట నిజం. అంతకు ముందే ఆంధ్రపత్రిక వారపత్రికలో ముళ్ళపూడి వెంకటరమణ గారు తమ చమత్కారంతో చిత్రాలను తూర్పారబట్టిన మాటా నిజమే. కానీ మా గుంటూరు సీమలో ఆ పత్రికల ముఖం చూడని వారు, అసలు అక్షరమే రానివారు, ఏనాటినుంచో ఆ పని చేస్తూ ఉన్నారు. వారిని గురించి ఎవరూ వ్రాయలేదు గనుక నేను వ్రాస్తున్నాను.

మా ఊరు చిలకలూరిపేటకూ నరసరావుపేటకూ మధ్యన, నేటి పల్నాడు జిల్లాలో ఉంది. నల్లరేగడి నేల. ప్రత్తి, మిరప తప్ప మరో ధ్యాస లేని ఊరు. కోతలై చేతిలో నాలుగు డబ్బులాడే వేళకు టూరింగు టాకీసు వారు వచ్చి డేరా వేసేవారు. నేల, బెంచీ, కుర్చీ అని మూడు తరగతులు. ప్రొజెక్టరు ఒక్కటే గనుక రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలిగేవి. పట్టణపు హాళ్ళలో విశ్రాంతి ఒక్కసారే. మా డేరాలో మూడు నాలుగు సార్లు. ఆ అయిదారు నిమిషాలలోనే అసలైన విమర్శ సాగేది. కథ ఎటు పోతుందో ఊహించేవారు, పోకూడదని వాదించేవారు, అలా పోతే లేచి వెళ్ళిపోతామని బెదిరించేవారు. అణాకో బేడాకో కొన్న పాటల పుస్తకంలో కథ సగమే ఉండి, తక్కినది తెరమీద చూడమనేది. ఆ తక్కినదానికోసం పట్టణం వెళ్ళి వచ్చినవాడు ఊరందరికీ ఋణపడ్డట్టే. అరుగుమీద కూర్చుని మొదటినుంచి చివరిదాకా, పోరాటాలతో సహా, చెప్పి తీరాలి. ఒక్క టిక్కెట్టుతో ఒక వీధి వీధంతా సినిమా చూచేది.

ఈ విమర్శకులు గాలిలోనుంచి ఊడిపడలేదు. వారి చెవులను పద్యనాటకం పదును పెట్టింది. స్థానం నరసింహారావు గారిని కన్నది బాపట్ల. మాధవపెద్ది వెంకట్రామయ్య గారి దుర్యోధన పాత్రను గురించి చెప్పమంటే మా నాన్నగారు భోజనం మరచిపోయేవారు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల పద్యాలు చదువురాని రైతుకు సైతం కంఠస్థం. రాగం ఒక్క మాత్ర తగ్గితే ఒప్పుకోని జనం అది. భారతం అసలే ఇంటి సొత్తు. మూడవ కవి ఎఱ్ఱనను ఆదరించిన ప్రోలయ వేమారెడ్డి మొదటి రాజధాని అద్దంకి మాకు ఎంతో దూరం కాదు!

ఇటువంటి నేలమీదికి 1977 సంక్రాంతికి రెండు భారతాలు ఒకేసారి దిగాయి. జనవరి 14న 'దానవీరశూర కర్ణ', అదే రోజున 'కురుక్షేత్రం'. మొదటిదానికి దర్శకుడూ, కర్ణుడూ, సుయోధనుడూ, కృష్ణుడూ అన్నీ రామారావు గారే. రెండవదానికి కమలాకర కామేశ్వరరావు గారు దర్శకులు. కృష్ణ అర్జునుడు, శోభన్‌బాబు కృష్ణుడు, కృష్ణంరాజు కర్ణుడు. ఇద్దరు నాయకులూ మాకు దగ్గరవారే. రామారావు గారు గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివి, కొన్నాళ్ళు గుంటూరు సీమలోనే సబ్‌రిజిస్ట్రారుగా పనిచేసినవారు. కృష్ణ గారిది తెనాలి దగ్గరి బుర్రిపాలెం. ఇక తగవు తెగుతుందా?

నేనప్పుడు భాషాప్రవీణ విద్యార్థిని. ఫిబ్రవరిలో సెలవుదినాల్లో కల్లానికి కాపలా పోయేవాణ్ణి. చేతిలో బాలవ్యాకరణం, ఎదుట ఎఱ్ఱని తివాచీ పరచినట్లు ఎండే కాయలు. చుట్టూ కూలీలు కూర్చుని తాలుకాయలు ఏరుతూ రెండు చిత్రాలనూ ఏరిపారేస్తుండేవారు. యువకులు చాలావరకు కృష్ణ పక్షం. యుద్ధమంటే 'కురుక్షేత్రం'లోదేననీ, నాలుగు గంటల సినిమా ఎవడు చూస్తాడనీ వారి వాదం. పెద్దవాళ్ళు రామారావు పక్షం. ఆడవాళ్ళు మాత్రం ఏ పక్షమూ కాదు. వారి వ్యాజ్యమంతా కుంతితో. "యుద్ధం రేపనంగా కన్నకొడుకు గుర్తొచ్చాడా ఆమెకి? ఇన్నేళ్ళూ ఏడకి పోయింది?" అన్నది ఒకావిడ, చేతిలోని తాలును విసురుగా గంపలో వేస్తూ. ఆ ఒక్క వాక్యానికి సాటివచ్చే సమీక్షను నేను ఏ పత్రికలోనూ చదవలేదు.

వారిలో ఒక నడివయసు మనిషి ఉండేవాడు. మాలపల్లె నుంచి వచ్చేవాడు. పేరు వ్రాయను. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. అయినా అతడు నన్ను "అబ్బాయిగారూ" అనేవాడు, నేనతణ్ణి పేరుపెట్టి ఏకవచనంలో పిలిచేవాణ్ణి. ఆనాటి ఊరి వ్యాకరణం అది, ఏ సూరి గారూ వ్రాయనిది. అతడు నరసరావుపేట వెళ్ళి 'దానవీరశూర కర్ణ' రెండుసార్లు చూచి వచ్చాడు. అస్త్రవిద్యా ప్రదర్శనలో కర్ణుని కులమడిగినప్పుడు సుయోధనుడు చెప్పే ఆ దీర్ఘ సంభాషణను ఒక్క ఊపున అప్పజెప్పాడు. పెద్దల పుట్టుకలను వరుసగా ఏకరువుపెట్టి, కులమెక్కడిదని నిలదీసే సంభాషణ అది. చదువురాని నోట సంస్కృత సమాసాలు తడబడకుండా దొర్లుతుంటే కల్లమంతా చేతులు ఆపి విన్నది.

నేను ఏం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. రెండు ఉచ్చారణ దోషాలు దిద్దాను. అతడు నొచ్చుకోలేదు. "అబ్బాయిగారూ, ఇది అసలు భారతంలో ఉందా, రామారావు పెట్టుకున్నాడా?" అని అడిగాడు. గొంతులో ఏదో ఆత్రం. నేను క్షణమైనా ఆలోచించకుండా, "భారతంలో అలాంటివి ఎందుకుంటాయి? సినిమావాళ్ళ కల్పన" అన్నాను. అతడు మరి మాట్లాడలేదు. వంగి తాలు ఏరసాగాడు.

ఆ మాటలు వ్రాసినది కొండవీటి వేంకటకవి గారు. మా గుంటూరు జిల్లావారే, 'నెహ్రూ చరిత్ర' కావ్యకర్త, సంస్కృతాంధ్రాలు క్షుణ్ణంగా చదివిన పండితుడు. అటువంటివారు ఆధారం లేకుండా కలం కదపరన్న అనుమానమైనా రాలేదు నాకు. పండిత విద్యార్థికి సినిమా పట్ల ఉండే చిన్నచూపు అంత గట్టిది. ఆ సంవత్సరాంతంలోనే సంస్కృత భారతం ఆదిపర్వం చదువుతుండగా ఆ ఘట్టం ఎదురైంది. సూతుడైన అధిరథుడు కర్రపట్టుకుని రంగస్థలానికి రావడం, అభిషేకజలంతో తడిసిన తలతో కర్ణుడు అతనికి మ్రొక్కడం, భీముడు ఎగతాళి చేయడం. దానికి బదులుగా దుర్యోధనుని మాటలు. శూరుల పుట్టుకా నదుల పుట్టుకా తెలుసుకోవడం కష్టమట. ద్రోణుడు కలశంలో పుట్టాడట, కృపుడు రెల్లుపొదలో పుట్టాడట. వేంకటకవి గారు దాన్ని ఇంకా పెంచారు, పదును పెట్టారు. కానీ వేరు వ్యాసునిదే. నేను కాదన్నది వ్యాసుణ్ణి.

మరుసటి కోతల్లో కల్లానికి వెళ్ళి అతని పక్కన చతికిలబడ్డాను. అప్పటికి ఆ చిత్రం సంభాషణలు గ్రామఫోను రికార్డుల మీద పెళ్ళి పందిళ్ళలోనూ మ్రోగుతున్నాయి. "నువ్వడిగింది భారతంలో ఉంది" అన్నాను.

"మరి ఆనాడు లేదన్నారే?"

"అప్పటికి చదవలేదు."

"చదవకుండానే చెప్పారా!" అని నవ్వాడు. కోపంగా కాదు. కాసేపయ్యాక, "ఏదీ, ఆ పుస్తకంలో ఎట్టా ఉందో చదవండి" అన్నాడు. కంఠతా పట్టి వెళ్ళిన శ్లోకాలు వినిపించి, అర్థం చెప్పాను. ఈమారు ఆడవాళ్ళు కూడా ఏరడం ఆపి విన్నారు. అతడు తల పంకించాడు.

"బాగానే ఉంది అబ్బాయిగారూ" అన్నాడు. "కానీ రామారావు చెప్పినట్టు లేదు."