నేలపట్టు, పులికాట్: పక్షుల పరిశీలన, ఛాయాగ్రహణం

తిరుపతి జిల్లా సూళ్లూరుపేట పరిసరాల్లోని నేలపట్టు చెరువు, పులికాట్ సరస్సు తెలుగునాట నీటిపక్షులను చూడటానికి, ఫొటోలు తీయటానికి పేరుపడ్డ తావులు. 1976లో అభయారణ్యమైన నేలపట్టు విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. దేశంలోని ఉప్పునీటి సరస్సుల్లో చిలికా తరవాత పెద్దది పులికాట్. రెండింటి మధ్య దూరం సుమారు 20 కిలోమీటర్లు. గూడబాతులకు మాత్రం ఒకటి పురిటిల్లు, మరొకటి వంటిల్లు.

ఇక్కడి పక్షుల ఏడాది చలిని బట్టి కాక వానను బట్టి నడుస్తుంది. నైరుతి వానలు ఈ తీరానికి అరకొరగానే అందుతాయి. చెరువు నిండేది చిత్త, స్వాతి కార్తెల్లో, ఈశాన్య రుతుపవనాలతో. అప్పుడే నీటిలో నిలిచిన కడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు, చింతవక్కులు గూళ్లు కడతాయి. చెట్ల చుట్టూ నీరుంటే నేల మీద తిరిగే జంతువులు గూళ్ల దాకా రాలేవు. వాన మొహం చాటేసిన ఏడాది గూళ్లూ తగ్గిపోతాయి. కాబట్టి బయల్దేరే ముందు చెరువులో నీళ్లున్నాయా అని అడగటం ముఖ్యం, తేదీ చూసుకోవటం ఆ తరవాతి పని.

గూడబాతును పై ముక్కు అంచు వెంట ఉండే నీలి చుక్కల వరుసతో గుర్తుపట్టవచ్చు. గూళ్లు కట్టే రోజుల్లో అది పుల్లలు ముక్కున కరుచుకుని ఎగిరి వస్తుంది. నెల రోజులకు పైగా పొదిగాక పిల్లలు బయటికొస్తాయి. పిల్ల తన తల మొత్తం తల్లి గొంతు సంచిలోకి దూర్చి, లోపలున్న చేపను అందుకుంటుంది. ఎన్ని గంటలు కాచుకున్నా దండగ కాదనిపించే దృశ్యమది. రెట్టల సారం కలిసిన చెరువు నీరు పొలాలకు ఎరువుగా పనికొస్తుందని ఊరివాళ్లకు తెలుసు. పక్షులు వాళ్లకు అయినవాళ్లే.

ముదురాకుపచ్చ ఆకుల ముందు తెల్లటి పక్షి ఉన్నప్పుడు కెమెరా చీకటిని లెక్కలోకి తీసుకుని వెలుగు పెంచుతుంది, దాంతో ఈకల గీతలు తెల్లగా మాసిపోతాయి. ఎక్స్‌పోజరును అర స్టాపు నుంచి ఒక స్టాపు దాకా తగ్గిస్తే అవి నిలుస్తాయి. ఎగిరే పక్షికి సెకనులో రెండువేలో వంతు షట్టర్ వేగం, 400 మిల్లీమీటర్లు లేదా అంతకు మించిన లెన్సు అనువు.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్‌ను అడ్డంగా దాటుతుంది. శీతకాలంలో ఫ్లెమింగోలు, సూదితోక బాతులు ఈ రోడ్డుకు ఇరువైపులా మేస్తాయి. రోడ్డు పడమటి నుంచి తూర్పుకు సాగుతుంది, జనవరి సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. అందుకే ఉత్తరం వైపున్న పక్షుల మీద రోజంతా వెలుగు ఎదురుగా పడుతుంది, దక్షిణం వైపువి నీడబొమ్మలుగా వస్తాయి. పొద్దెక్కాక నీటి మీది వేడిగాలి అలలాడి ఎంత ఖరీదైన లెన్సులోనూ బొమ్మ చెదురుతుంది. తలకిందులుగా ముక్కు ముంచి నీటిని వడగట్టే ఫ్లెమింగోల గుంపులో బూడిదరంగువి కనిపిస్తే అవి పిల్లలు, గులాబి రంగు వాటికి మేత నుంచి మెల్లగా ఎక్కుతుంది.

ఎగిరే గుంపు ఫొటో కోసం చప్పట్లు కొట్టి వాటిని లేపటం క్షమించరాని పని. బెదిరి లేచిన తల్లి తిరిగొచ్చేలోపు కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి, ఈకలు మొలవని పిల్లలు ఎండకు మాడిపోతాయి. వాచ్‌టవర్ దాటి ముందుకు వెళ్లకూడదు, డ్రోన్ ఎగరేయకూడదు. తీసిన ఫొటోతో పాటు తేదీ, చోటు, పక్షుల లెక్క రాసుకుంటే అది పరిశీలనకు ఆధారమవుతుంది. 1987లో మొదలైన ఆసియా నీటిపక్షుల గణన ఏటా జనవరిలో ఇలాంటి లెక్కలనే సేకరిస్తుంది.

ఏప్రిల్ నాటికి గూళ్లు ఖాళీ అవుతాయి. వేసవిలో చెరువు అడుగంటినా చెట్టు తొర్రల్లో పాలపిట్టలు పిల్లల్ని సాకుతుంటాయి. తొలకరి పడ్డాక ఈతచెట్లకు గిజిగాళ్లు వేలాడే గూళ్లు అల్లటం మొదలుపెడతాయి. మగపిట్ట సగం గూడు అల్లి ఆడపిట్టను పిలుస్తుంది, అది వచ్చి చూసి మెచ్చితేనే మగపిట్ట తక్కిన సగం అల్లుతుంది.