ఎడారి మజిలీలు

"అన్నీ బాగానే ఉన్నాయి గానీ, మధ్యలో ఎక్కడ ఆగుతామండీ?" అని మా ఇంటావిడ అడిగిన ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం.

వచ్చే మార్గశిరంలో మేము అయిదుగురం రాజస్థాన్‌లోని థార్ ఎడారిని చూడాలని సంకల్పించాము. మగవాళ్లలో చిన్నవాణ్ణి నేనే. నాకు అరవైయేడు. పెద్దవారు నాతోపాటు పనిచేసిన సాంఘికశాస్త్రం మాస్టారు. ఆయనకు డెబ్బైతొమ్మిది. అక్బరు ఎడారిలో పుట్టాడని ముప్పయ్యేళ్లు పాఠం చెప్పి, ఆ ఎడారిని ఒక్కసారైనా చూడలేదని ఆయన బెంగ. మోకాళ్లు మొరాయిస్తున్నాయి. ఈ ఏడు దాటితే ఇక కదలలేనంటున్నారు.

మా అబ్బాయి కార్యక్రమం ఒకటి తయారుచేసి పంపాడు. ఉదయం జోధ్‌పూర్‌లో కారెక్కితే మధ్యాహ్నానికి జైసల్మేర్, సాయంత్రం ఇసుకతిన్నెలు, మర్నాడు తిరుగుప్రయాణం. ఒక్కొక్క దిక్కుకు దాదాపు 280 కిలోమీటర్లు. అందులో దూరమున్నది, వేళ ఉన్నది, ఆగేచోటు మాత్రం లేదు.

'మజిలీ' అన్న మాట అరబ్బీలోని 'మంజిల్' నుండి మనకు వచ్చింది. దిగేచోటు, విడిది అని అర్థం. వచ్చిన మాటను మనవాళ్లు ఎంతగా సొంతం చేసుకున్నారంటే, మధిర సుబ్బన్న దీక్షితులుగారు ఒక్కొక్క మజిలీలో ఒక్కొక్క కథ చెప్పించి 'కాశీమజిలీ కథలు' సృష్టించారు. అంతకు ముందే ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణంలో బయలుదేరి కాశికి వెళ్లి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' తిరగవేస్తే ప్రతి ఊరి దగ్గరా ఆయన చూపు ముందుగా వెళ్లేది నీటి వసతి మీదికి, బస మీదికి. ప్రయాణమంటే మజిలీల వరుస అని ఆ తరానికి ఎవరూ చెప్పనక్కరలేదు.

పచ్చని దేశంలోనే ఇంత జాగ్రత్త అయితే ఎడారి మాట చెప్పాలా? అక్కడ దారిని నిర్ణయించింది దూరం కాదు, బావి. ఒంటెల బిడారులు నీరున్న చోటి నుండి నీరున్న చోటికే నడిచేవి. 1156లో రావల్ జైసల్ స్థాపించిన జైసల్మేర్ అటువంటి బిడారుల రాకపోకల వల్ల బాగుపడ్డ నగరం. ఒక రకంగా ఆ ఊరే ఒక పెద్ద మజిలీ. బొంబాయి రేవు పెరిగి వర్తకం సముద్రం పట్టడంతో, ఆపైన 1947లో సరిహద్దు మధ్యకు రావడంతో ఆ బిడారుల దారి మూతపడింది.

మజిలీ దొరకని ప్రయాణం ఎట్లా ఉంటుందో చెప్పడానికి హుమాయూన్ కథ ఒక్కటి చాలు. 1540లో కనౌజ్ వద్ద షేర్‌షా చేతిలో ఓడి, సింధుదేశంలో తిరుగాడుతున్న హుమాయూన్, మార్వాడ్ రాజు మాల్‌దేవ్ ఆశ్రయమిస్తాడన్న ఆశతో 1542లో ఫలోదీ దాకా వచ్చాడు. అక్కడ ఆ ఆశ వమ్మయింది. వెనుదిరిగి జైసల్మేర్ రాజ్యం మీదుగా ఉమర్‌కోట దారి పట్టాడు. మండు వేడిమి. వెంట గర్భవతి అయిన హమీదా బాను. బావులు కొన్ని ఇసుకతో పూడ్చి ఉన్నాయి. ఉన్న బావులు ఎంత లోతంటే, బొక్కెన పైకి వచ్చిందని దూరాన ఎద్దులు తోలేవాడికి తెలియడానికి డోలు కొట్టేవారట. నీటికోసం తన్నుకున్నవారున్నారు, దాహంతో ప్రాణాలు విడిచినవారున్నారు. హమీదాకు గుర్రం లేకపోతే పాదుషా తన గుర్రమిచ్చి తాను ఒంటె ఎక్కాడని, సవతి చెల్లెలు గుల్బదన్ బేగం 'హుమాయూన్‌నామా'లో రాసింది. పాదుషా చేతులకు నీళ్లుపోసే పరిచారకుడు జౌహర్ కూడా ఈ ప్రయాణాన్ని గ్రంథస్థం చేశాడు. నీటి విలువ అతనికి తెలిసినట్లు మరెవరికి తెలుస్తుంది? ఉమర్‌కోట రాణా ఆదరించి చోటిచ్చాడు. 1542 అక్టోబరు 15న అక్బరు అక్కడ జన్మించాడు. ఆ ఊరు నేడు పాకిస్తాన్‌లో ఉన్నది.

ఈ చరిత్రంతా నెమరువేసుకొని అబ్బాయి పంపిన కార్యక్రమాన్ని మార్చి రాశాను. మొదటి నియమం రుతువు. హుమాయూన్ ఆగిన ఆ ఫలోదీలోనే 2016 మే 19న 51 డిగ్రీల ఎండ నమోదయింది. కాబట్టి మార్గశిరమే మేలు, రాత్రి చలికి శాలువలు ఉండనే ఉన్నాయి. రెండవది, ఏకబిగిన గంటన్నరకు మించి కారులో కూర్చోరాదు. మూడవది, పొద్దెక్కాక బయలుదేరి, భోజనంవేళకు విడిది చేరాలి.

జోధ్‌పూర్‌లో ఒక రోజు విశ్రాంతి. మర్నాడు 65 కిలోమీటర్ల దూరంలోని ఓసియాఁ. ప్రతీహారుల నాటి గుళ్లు, పాత మెట్లబావి. మెట్లు దిగలేనివారు గట్టునే కూర్చుంటారు. మూడవనాడు ఫలోదీ. పక్కనే ఖీచన్ గ్రామం. శీతకాలంలో మధ్య ఆసియా నుండి కుర్జాలనే క్రౌంచజాతి పక్షులు వేలసంఖ్యలో వచ్చి దిగుతాయి. ఊరివారు వాటికి గింజలు చల్లుతారు. అంతదూరం ఎగిరివచ్చే రెక్కలకే మజిలీ కావలసి వచ్చింది, మన మోకాళ్లెంత! నాలుగవనాడు పోఖరణ్. 1974లోను, 1998లోను అణుపరీక్షలు జరిగిన ప్రాంతం. అయిదవనాడు మరి 110 కిలోమీటర్లు, జైసల్మేర్. ఆ ఊళ్లో మూడు రోజులు. కోటదారి రాళ్లు పరిచిన ఎగుడు. ఎక్కగలిగినంత ఎక్కుతాం. సాయంత్రం గడీసర్ చెరువుగట్టున కూర్చుంటాం. శతాబ్దాలపాటు ఊరి దాహం తీర్చిన వాన నీరది.

ఈ కాగితం పట్టుకెళ్లి మాస్టారికి చదివి వినిపించాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఉమర్‌కోట ఇందులో లేదుగదయ్యా" అన్నారు.

"సరిహద్దు అవతలిది కదా మాస్టారూ" అన్నాను.

"తెలుసునోయ్. ఫలోదీలో నన్నొక గంట ఒంటరిగా కూర్చోనిస్తే చాలు. అక్కడి నుండి ఆయన ఏ దిక్కుకు వెళ్లాడో నాకు తెలుసు" అన్నారు.

ఫలోదీలో ఒక రోజు పెంచాను. మా అబ్బాయికి ఇంకా చెప్పలేదు. ఆ దారిన వెళ్లివచ్చిన మిత్రులెవరైనా ఉంటే, ఎక్కడ నీడ ఉన్నదో, ఎక్కడ కూర్చోవడానికి అరుగున్నదో చెప్పి పుణ్యం కట్టుకోండి.