సహాయార్థం

ప్రత్యేక సంచికకు మన ప్రాంతపు చరిత్ర ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు నెల రోజులుగా అడుగుతున్నారు. నేను చరిత్రకారుణ్ణి కాను. గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. తీరా కాగితాల కోసం అటక మీది ట్రంకుపెట్టె దించితే, ఒకప్పుడు రాజమండ్రిలో మా ఆఫీసు ఉద్యోగులం నడిపిన నాటక సంఘం క్యాష్‌బుక్కు చేతికి తగిలింది. దానికి కోశాధికారిని నేనే. ఆ పుస్తకంలో 1997 జనవరి పేజీ తెరవగానే, వ్రాయవలసినది ఇదే అనిపించింది.

1996 నవంబరు 6 రాత్రి తూర్పు గోదావరి తీరాన్ని కొట్టిన తుపాను ఈ సంచిక చదివేవారిలో చాలామందికి అనుభవమే. కోనసీమలో లక్షల కొబ్బరిచెట్లు నేలకొరిగాయి. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వేటకు వెళ్లిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. అప్పటికి మా సంఘం దగ్గర కొత్త తెరలు కొనడానికి రెండేళ్లుగా కూడబెట్టిన సొమ్ము ఉంది. అది మొత్తం మత్స్యకారుల కుటుంబాలకు పంపేద్దామని కుర్రవాళ్లు పట్టుబట్టారు. నేను కాదన్నాను. తెరలు లేకపోతే నాటకం లేదు, నాటకం లేకపోతే రేపటి చందా లేదు అని లెక్క చెప్పాను. ఓటు పెడితే ఓడిపోయాను. సంక్రాంతి వెళ్లాక పాత తెరలతోనే నాటకం వేశాం. గోడల మీద "తుపాను బాధితుల సహాయార్థం" అని పెద్ద అక్షరాలతో కాగితాలు అంటించాం.

నాటకానికి ముందు అధ్యక్షులవారు మాట్లాడుతుండగా, ముందు వరుసలోంచి ఒక రిటైర్డు మాస్టారు లేచి నిలబడ్డారు. "బాబూ, ఒక్క మాటండి. మా టిక్కెట్టు డబ్బులు ఖర్చులు పోనిచ్చి ఇస్తారా, ఉన్నదున్నట్టు ఇస్తారా?" అని అడిగారు. హాలు అద్దె, లైట్లు, మైకు, హార్మోనియం, ఊరినుంచి వచ్చిన నటీమణులకు పారితోషికం, ఇవన్నీ పోతే మిగిలేది ఏపాటిదో నా ఒక్కడికే తెలుసు. ఖర్చులు తీసివేసి మిగిలినది పంపాలన్నదే నా ఉద్దేశం. ఆ సంగతి కాగితం మీద వేయించకపోయిందీ నేనే. అధ్యక్షులవారు నావైపు చూశారు. నేను తల దించుకున్నాను.

ఆ ప్రశ్నే తరువాత నన్ను పుస్తకాల వైపు నడిపించింది. మన గోదావరి సీమలో నాటకమూ సంఘసేవా కలిసి పుట్టినవని అందరం ఉపన్యాసాలలో చెబుతాం. మరి ఖర్చు ఎవరు పెట్టుకున్నారు?

కథ 1880తో మొదలవుతుంది. ధార్వాడ నాటక కంపెనీ వారు రాజమహేంద్రవరం వచ్చి నాటకాలాడి వెళ్లారు. వారు విడిచిపెట్టిన పాకలోనే కందుకూరి వీరేశలింగం పంతులుగారు తన విద్యార్థుల చేత నాటకం ఆడించారు. "వ్యవహార ధర్మబోధిని" అందులో ప్రసిద్ధమైనది. కోర్టులూ ప్లీడర్లూ ఉన్న ఊళ్లో, ప్లీడర్ల మోసాలనే నాటకంగా కట్టి ఆ ఊరివాళ్లకే చూపించడం సామాన్యమైన సాహసం కాదు. పంతులుగారి పుట్టినరోజైన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నది అందుకే. ఆ మరుసటి సంవత్సరమే, 1881 డిసెంబరు 11న, ఆయన మొదటి వితంతు వివాహం జరిపించారు. పెళ్లికి వెళ్లినవారిని వెలివేశారు, నీళ్లు మోసేవాళ్లను, వంటవాళ్లను రానివ్వలేదు. ఈ పనికి కావలసిన సొమ్ము పాకలో టిక్కెట్లు అమ్మితే వచ్చేదా? కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు వేలకు వేలు విరాళంగా ఇచ్చి నిలబడ్డారు. పంతులుగారు తన మట్టుకు తాను 1890లో సొంత డబ్బుతో టౌనుహాలు కట్టించారు. 1906లో హితకారిణీ సమాజం స్థాపించి యావదాస్తినీ దానికే వ్రాసి ఇచ్చారు. నాటకం జనాన్ని కదిలించింది గాని, ఖర్చు మోసినవి వేరే చేతులు.

పంతులుగారి తరువాత నా మనసు ఎక్కువగా నిలిచేది చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి దగ్గర. 1867లో ఖండవల్లిలో పుట్టారు. చిన్ననాటి నుంచి రేచీకటి, తరువాత పూర్తిగా చూపు పోయింది. రాత్రి దీపాల వెలుగులో ఆడే నాటకాలు వ్రాసినవాడికి ఆ వెలుగే సరిగా కనబడకపోవడం తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఒంగోలు నుంచి వచ్చిన ఉపాధ్యాయులు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు రాజమండ్రిలో నాటక సమాజం పెడితే, దానికి నాటకాలు వ్రాసి ఇచ్చింది చిలకమర్తివారే. నాయుడుగారు తన వెంట తీసుకువచ్చిన శిష్యుడు ఆ సమాజంలో ఆడవేషాలు కట్టాడు. ఆ కుర్రవాడే టంగుటూరి ప్రకాశం, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి. మన నాయుడుగారికి పెన్షను ఏమి దక్కిందో గాని, ఇంతకంటే మంచి గ్రాట్యుటీ ఏ మాస్టారికి దక్కుతుంది!

"గయోపాఖ్యానం" నాటకం ఊరూరా ఆడారు. పుస్తకం లక్ష ప్రతులకు పైగా అమ్ముడుపోయిందని ప్రసిద్ధి. అటువంటి గ్రంథకర్త ఆ పేరుతో సుఖంగా కాలం గడిపివుండవచ్చు. చిలకమర్తివారు 1909లో రాజమండ్రిలో పంచముల పిల్లలకని ఒక పాఠశాల తెరిచారు. దానికి రామమోహన రాయ్ పేరు పెట్టుకున్నారు. పదేళ్లకు పైబడి సొంత ఖర్చుతో నడిపారు. సర్కారు కొలువు లేనివాడు, కళ్లు కనబడనివాడు, కలం మీదా అచ్చుకూటం మీదా బ్రతికినవాడు. నాటకం వ్రాసిన కలమే ఆ పిల్లల పలకలకూ పుస్తకాలకూ ఖర్చు పెట్టిందని నేను అర్థం చేసుకున్నాను. ఒక విషయం గమనించండి: వితంతు వివాహోద్యమం ఎక్కువగా పై కులాల ఇళ్లలోని కన్నీటి గురించి. చిలకమర్తివారి బడి, ఆ ఇళ్ల గడపలే తొక్కనివ్వని వారి పిల్లలకోసం. ఈ రెండింటికీ మధ్య దూరం మనం ఉపన్యాసాలలో సులభంగా దాటేస్తాం.

1943లో ప్రజానాట్యమండలి వచ్చాక పద్ధతే మారింది. హాలు లేదు, కుర్చీల తరగతులు లేవు. బెంగాలు కరువు మీద బుర్రకథలు కట్టి ఊరూరా చెప్పి, కథ అయ్యాక చందాలు పోగుచేసి పంపారు. ఆ మండలికి ముందు నడిచిన డాక్టరు గరికపాటి రాజారావుగారు మన రాజమండ్రిలో పుట్టినవారే. పాలకొల్లు నుంచి వెళ్లిన అల్లు రామలింగయ్యగారిని సినిమాలలో చూసి నవ్వుకున్న మనవాళ్లలో, ఆయన ఆ మండలి నటుడని ఎరిగినవారు తక్కువ. సుంకర, వాసిరెడ్డి వ్రాసిన "మాభూమి" నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. రాజకీయాల మాట ఎలా ఉన్నా, ఆ కార్యకర్తలు ఎవరింట పెట్టిన అన్నం వాళ్లింట తిని, అరుగుల మీద పడుకొని తిరిగారు. ఖర్చంతా తమ ఒంటిమీదే వేసుకున్నారు.

కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకాల గురించి, అక్కడ వేషాలు కట్టిన ఎస్.వి. రంగారావుగారు ఫైర్ ఆఫీసరుగా పనిచేయడం గురించి వ్రాయాలని ఉంది. ఉద్యోగస్థుడి నాటకం అన్నది ఒక ప్రత్యేకమైన జాతి. మరోసారి చూద్దాం, స్థలం సరిపోదు.

ఇక మా మాస్టారి ప్రశ్నకు వస్తాను. నేను తల దించుకున్నాక హాలు నిశ్శబ్దమైపోయింది. అప్పుడు ముఖానికి రంగు సగమే పూసుకున్న మా కథానాయకుడు తెర పక్కనుంచి తల బయటపెట్టి, "ఉన్నదున్నట్టు ఇస్తామండి మాస్టారూ! ఖర్చులు మావండి, ఆయ్!" అనేశాడు. చప్పట్లు మోగాయి. ఎవరినీ సంప్రదించలేదు. కమిటీ తీర్మానం లేదు. నాకు ఒళ్లు మండింది. మర్నాడు జీతాల రోజు కూడా కాదు. అయినా పదకొండుమంది సభ్యులూ తలా కొంత వేసుకున్నారు. ఒకాయన భార్య గాజు తాకట్టు పెట్టాడని తరువాత తెలిసింది. ఆవిడ ఏమన్నదో మాత్రం చెప్పలేదు. గేటు వసూలు మొత్తం, పైసా తగ్గకుండా, వలలు కొనుక్కోవడానికని తీరప్రాంతానికి చేర్చాం. నేనూ వెళ్లాను. ఒక పాక ముందు కూర్చున్న ముసలమ్మ నా చేతిలోని కవరు వైపు చూడకుండా, "బాబూ, ఏం నాటకం ఆడారు?" అని అడిగింది. చెప్పాను. అందులో పద్యం ఒకటి పాడమంది. నాకు పాడడం రాదు. కోశాధికారిని నేను.

ఆ సంఘం నాలుగేళ్లకు మూతబడింది. బదిలీలు, టీవీలు, వయసు. క్యాష్‌బుక్కులో ఆ పేజీ దిగువన "కొత్త తెరలు" అన్న పద్దుకు ఎదురుగా నేను గీసిన అడ్డగీత ఇంకా చెరగలేదు.