మెట్ట మిరపకు అంటగట్టిన మంట

పూర్వపు ఉమ్మడి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో ఎవరికైనా రొమ్ము వెనుక మంట పుడితే మొదటి నింద పడేది మిరపకాయ మీద. నందిగామ, జగ్గయ్యపేట చుట్టుపక్కల పొలాల్లో పండి గుంటూరు యార్డుకు తరలిపోయే పంట కనుక ఆ నిందలో ఆశ్చర్యం లేదు. అయితే చరిత్ర ఈ ఆరోపణకు సాక్ష్యం చెప్పదు. మూడవ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలాన, నేటి జగ్గయ్యపేట చెంతనున్న బౌద్ధ స్తూపానికి ఆయక స్తంభాలు సమర్పించినవారు మిరపకాయను ఎరుగరు. వారి కారం మిరియం, పిప్పలి, శొంఠి. మిరప అమెరికా ఖండంలో పుట్టి, పదహారవ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల వెంట మన దేశం చేరింది. అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందే ‘మాధవనిదానం’ ఆమ్లపిత్తానికి ఒక అధ్యాయం కేటాయించి పుల్లని, చేదు త్రేన్పులనూ, గుండెలోనూ గొంతులోనూ పుట్టే మంటనూ వర్ణించింది. అనగా మంట ముందు వచ్చింది, మిరప తరువాత వచ్చింది.

నేను ప్రభుత్వ ఉద్యోగంలో చేరిన 1970లలో మెట్ట రైతులు ఆసుపత్రికి తెచ్చిన మంట వేరు. అది ఆకలివేళ, అర్ధరాత్రి దాటాక నిద్ర లేపి, నాలుగు మెతుకులు తింటే తగ్గే మంట. చిన్నపేగు మొదట్లో పుండుకు అది గుర్తు. దక్షిణ భారతమంతటా ఈ వ్యాధి విపరీతంగా ఉండేది. 1922, 1924 ఎవరెస్టు యాత్రల్లో పాల్గొన్న శస్త్రవైద్యుడు హోవర్డ్ సోమర్వెల్ తిరువాన్కూరులోని నెయ్యూరు ఆసుపత్రిలో స్థిరపడి ఇటువంటి రోగులకు లెక్కకు మిక్కిలిగా ఆపరేషన్లు చేశాడు. మా కాలానికీ మార్గం దాదాపు అదే. ఆమ్లాన్ని ఊరించే వేగస్ నాడిని కత్తిరించి, జీర్ణాశయాన్ని చిన్నపేగుతో కలిపి కుట్టేవారు. మెట్ట గ్రామాల్లో డెబ్బై దాటినవారి పొట్టపై బొడ్డుకు ఎగువన నిలువుగా కనిపించే గాటు చాలామందిలో ఆ రోజుల జ్ఞాపకమే.

కత్తి అవసరం పడనివారికి పాలు, సుద్ద. 1915లో చికాగో వైద్యుడు బెర్‌ట్రామ్ సిప్పీ గంటగంటకూ పాలు, మీగడ, మధ్యలో క్షార చూర్ణాలు ఇచ్చే పద్ధతిని ప్రకటించాడు. ప్రపంచం దానిని అర్ధశతాబ్దం పాటించింది. ఆ చూర్ణాల్లో ఒకటి కాల్షియం కార్బొనేట్. జగ్గయ్యపేట స్తూపపు శిల్పాలు చెక్కిన రాయీ, నేడు అక్కడి సిమెంటు కర్మాగారాలు తవ్వుతున్న సున్నపురాయీ ప్రధానంగా ఆ పదార్థమే! అది ఆమ్లాన్ని విరుస్తుంది, నిజమే. కాని కొద్దిసేపటికి జీర్ణాశయం మరింత ఆమ్లాన్ని ఊరిస్తుంది. పాలదీ అదే తీరు. పైగా పాలు, సుద్ద మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి. చల్లని పాలు తాగి ఊరట పొంది, రెండు గంటల తరువాత మళ్ళీ మంటతో లేచేవారు ఇప్పటికీ ఉన్నారు.

ఇంతకూ ఆ పుండుకు కారణమేమిటి? మెట్టలో జొన్నన్నం తిన్న తరానికి నాగార్జునసాగర్ ఎడమ కాలువ వరి అన్నాన్ని అందించింది. సాగర్ నీటిని 1967లో విడుదల చేశారు. సరిగా ఆ దశాబ్దంలోనే రైల్వే వైద్యుడు ఎస్.ఎల్. మల్హోత్రా ఉత్తరాది గోధుమ రొట్టెను బాగా నమలవలసి వస్తుందనీ, దక్షిణాది మెత్తని అన్నం నమలకుండానే దిగిపోతుందనీ, లాలాజలం చాలకపోవడమే పుండుకు మూలమనీ వాదించాడు. తెలివైన వాదమే. కాని 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బారీ మార్షల్, రాబిన్ వారెన్ జీర్ణాశయపు పొరలో నివసించే సూక్ష్మజీవిని పెంచి చూపారు. ఎవరూ నమ్మకపోయేసరికి మార్షల్ 1984లో ఆ క్రిములున్న ద్రవాన్ని తానే తాగి జబ్బుపడ్డాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. హెలికోబాక్టర్ అనే ఈ క్రిమి చాలామందిని చిన్నతనంలోనే చేరుతుంది. రెండు వారాల మందులతో దానిని నిర్మూలిస్తే పుండు మానుతుంది, కత్తి అక్కరలేదు. ఇక మిరప సంగతి: 1995లో సింగపూర్ వైద్యులు పుండు రోగులనూ ఇతరులనూ పోల్చగా, కారం ఎక్కువగా తినేవారిలోనే పుండ్లు తక్కువగా కనిపించాయి.

ఈలోగా మాత్రలు వచ్చాయి. జేమ్స్ బ్లాక్ పరిశోధన ఫలితమైన సిమెటిడిన్ 1976లో, రానిటిడిన్ 1981లో, స్వీడన్ నుంచి ఒమెప్రజోల్ 1988లో. మన 1970 పేటెంటు చట్టం మందుకు కాక తయారీ పద్ధతికే హక్కు ఇచ్చింది కనుక దేశీయ సంస్థలు వీటిని చౌకగా తయారుచేయగలిగాయి. గుంటూరు జిల్లా తాడేపల్లిలో పుట్టిన అంజిరెడ్డి స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ 1991లో ‘ఒమెజ్’ను విడుదల చేసింది. పేదవానికి ఆపరేషన్ బల్ల తప్పించిన చరిత్ర ఇది. దీనికి తగిన గౌరవం ఇంకా దక్కలేదని నా అభిప్రాయం.

అయితే చౌకదనం ఒక చిక్కు తెచ్చింది. మంట ఏదైనా ‘గ్యాస్’ అన్న ఒక్క పేరుతో కిళ్ళీకొట్టులో సైతం మాత్ర దొరుకుతోంది. నేటి మంటలో అధికభాగం పుండు కాదు. అన్నవాహిక అడుగున ఉండే కండర కవాటం సడలి, ఆమ్లం పైకి ఎగదన్నడం. నిండుగా తిని వెంటనే పడుకోవడం, పెరిగిన పొట్ట, పొగాకు, కడుపు నిండాక ఒంగి మిరపకోతకో కలుపుకో దిగడం దీనికి కారణాలు. ఈ మంట ఉన్నవారికి కారం నిజంగానే బాధ పెంచుతుంది. పుండు విషయంలో నిర్దోషి అయిన మిరప ఇక్కడ కొంత దోషే. మరోపక్క కోతల రోజుల్లో ఒళ్ళునొప్పులకు రోజూ మింగే డైక్లోఫెనాక్ వంటి బిళ్ళలు క్రిమి లేకుండానే పుండు పుట్టిస్తున్నాయి. అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది గుండెపోటును గ్యాస్ అనుకోవడం. చెమట, ఆయాసం, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, నడిస్తే హెచ్చే బరువు ఉన్నప్పుడు సోడా తాగుతూ గడిపిన గంటలో గుండె కండరం చచ్చిపోతుంది. ఈసీజీ తీయడానికి పట్టేది పది నిమిషాలు. మింగుడు పడకపోవడం, నల్లని విరేచనం, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే ఎండోస్కోపీ తప్పదు.

ఒమెప్రజోల్‌ను అన్నం తిన్నాక వేసుకునేవారే ఎక్కువ. అది పనిచేయవలసింది భోజనానికి అరగంట ముందు. రాత్రి భోజనానికీ పడకకూ మూడు గంటల ఎడం ఉంచి, ఎడమ పక్కకు తిరిగి పడుకుని, మంచం తలవైపు కోళ్ళ కింద రెండు ఇటుకలు పెడితే చాలామందికి మాత్ర అవసరమే తగ్గుతుంది. నేను చీటీలో ఇటుకలు రాసినప్పుడు కొందరు దానిని తిప్పి తిప్పి చూసి, మందు ఏదని అడిగేవారు.