ఆంధ్రప్రదేశ్ సూక్ష్మరుణ చట్టం (2010)

సూక్ష్మరుణ సంస్థల కట్టడి కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2010 అక్టోబరులో ఆర్డినెన్సుగా తెచ్చి, అదే ఏడాది డిసెంబరులో శాసనసభ ఆమోదం పొందిన చట్టం ఇది. పేద మహిళలను వసూళ్ల వేధింపుల నుంచి కాపాడడం దీని ఉద్దేశం, ఆ వేధింపులను చాలావరకు ఆపింది కూడా. అయితే అప్పు ఇచ్చేవారి చేతులు కట్టిన చట్టం అప్పు చేయాల్సిన అవసరాన్ని తగ్గించలేకపోయింది. అందువల్ల దాని భారంలో పెద్ద భాగం, అది కాపాడదలచిన మహిళల మీదా, దానితో ఏ సంబంధమూ లేని ఇతర రాష్ట్రాల కూలీల మీదా పడింది.

సంక్షోభానికి బీజాలు చట్టానికి ముందే ఉన్నాయి. డ్వాక్రా సంఘాలు బలంగా ఉన్న రాష్ట్రం కావడంతో, వాయిదాలు కట్టే అలవాటున్న మహిళలను వెతుక్కునే శ్రమ సంస్థలకు తప్పింది. ఒకే ఇంటికి మూడు నాలుగు చోట్ల అప్పు పుట్టేది. ఒకరికొకరు హామీగా ఉండే పద్ధతిలో ఒక్కరు వాయిదా తప్పితే తోటి సభ్యుల ఒత్తిడే వసూలు సాధనమయ్యేది. 2006లోనే కృష్ణా జిల్లా యంత్రాంగం ఈ సంస్థల సుమారు 50 శాఖలను మూయించింది. 2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ షేర్లు అమ్మి 1,600 కోట్ల రూపాయలకు పైగా సమీకరించింది. ఆ తర్వాత కొద్ది వారాలకే రుణగ్రహీతల ఆత్మహత్యల వార్తలు వెల్లువెత్తాయి. ఆ స్థితిలో ప్రభుత్వం చూస్తూ ఊరుకోవడం తగేది కాదు.

ప్రతి సంస్థా జిల్లాలో నమోదు కావాలనీ, వారం వాయిదాలు నెలవారీ కావాలనీ, వసూళ్లు ఇళ్ల దగ్గర కాక పంచాయతీ కార్యాలయం వంటి బహిరంగ స్థలంలోనే జరగాలనీ, వడ్డీ అసలును మించరాదనీ, సంఘ సభ్యురాలికి మరో అప్పు ఇవ్వాలంటే అధికారి అనుమతి ఉండాలనీ నిబంధనలు పెట్టారు. విడివిడిగా చూస్తే ప్రతిదీ న్యాయమైనదే. కానీ తాకట్టు లేని అప్పుకు అసలైన హామీ రాబోయే అప్పే. ఇది తీరిస్తే మరికాస్త పెద్దది దొరుకుతుందన్న నమ్మకంతోనే ఆ మహిళలు వాయిదాలు కట్టేవారు. కొత్త అప్పు అనుమానంలో పడగానే ఆ నమ్మకం చెదిరింది, కట్టవద్దన్న నాయకుల మాటలు దానికి తోడయ్యాయి. 99 శాతం దాకా ఉన్న వసూళ్లు నెలల వ్యవధిలో 10 శాతం దరిదాపులకు పడిపోయాయి. కట్టగల స్థోమత ఉన్నవారు కూడా ఎగవేతదారులయ్యారు.

దెబ్బ రాష్ట్రంలోనే ఆగలేదు. సూక్ష్మరుణ సంస్థలకు బ్యాంకులు దేశమంతటా నిధులు బిగపట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కువగా అప్పులిచ్చి నష్టపోయిన సంస్థలు ఇతర రాష్ట్రాల జిల్లాల్లోనూ రుణాలు తగ్గించుకున్నాయి. అలాంటి జిల్లాలను ఆర్థికవేత్తలు ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ పరిశీలించగా, అక్కడి దినకూలీల వేతనాలు, కుటుంబాల ఖర్చులు తగ్గినట్టు తేలింది. వారిలో ఏనాడూ సూక్ష్మరుణం తీసుకోనివారూ ఉంటారు. ఈ ఉదంతంలో అన్నిటికన్నా బాధాకరమైన సంగతి ఇదే అనాలి.

సంస్థల అత్యాశే ఈ స్థితి తెచ్చిందని కొందరంటారు. నిజమే, కానీ వాటి తప్పుకు శిక్ష కూలీలకు పడడాన్ని అది సమర్థించదు. డ్వాక్రా సంఘాలకు పావలా వడ్డీకి బ్యాంకు రుణాలు అందుతుండగా లోటేమిటన్నది మరో వాదన. ఆ రుణాలు మేలే చేశాయి. అయితే బ్యాంకు అప్పు సంఘానికి దాని వంతు వచ్చినప్పుడే అందుతుంది, ఆసుపత్రి ఖర్చు అప్పటిదాకా ఆగదు. అలాంటప్పుడు నూటికి నెలకు మూడు నుంచి ఐదు రూపాయల వడ్డీకి నోటు రాయించుకునే వ్యాపారే దిక్కు. బోర్డు పెట్టుకున్న సంస్థ చట్టానికి దొరికింది గానీ ఈయన దొరకలేదు. 2015లో విజయవాడలో బయటపడిన కాల్‌మనీ వడ్డీ వ్యాపారుల అకృత్యాలు ఈ చట్టం ఫలితమేనని చెప్పలేం, కానీ చట్టం చూపు పడని అప్పుల లోకం ఎంత క్రూరమైనదో అవి చూపాయి.

సూక్ష్మరుణ రంగంపై మాలెగాం కమిటీ నివేదిక తర్వాత, 2011లో రిజర్వ్ బ్యాంక్ ఈ సంస్థలకు ప్రత్యేక వర్గాన్ని ఏర్పరచింది. కుటుంబం కట్టే వాయిదాలన్నీ కలిపి దాని ఆదాయంలో సగం దాటరాదన్న నియమం 2022లో వచ్చింది. అసలు జబ్బు ఒకే ఇంటిపై పోగుపడ్డ అప్పులు కాబట్టి, 2010లో కావలసిన మందు ఇదే. రిజర్వ్ బ్యాంక్ పరిధిలోని సంస్థలకు రాష్ట్ర చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది.